మొహం మీద యాసిడ్ పెట్టించుకునే ముందు అడగాల్సినవి మీ వ్యాసంలో లేవు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో కెమికల్ పీల్, అంటే యాసిడ్ రాసి చర్మం పై పొరని ఊడదీసే వైద్యం గురించి అర పేజీ వ్యాసం వేశారు. అరగంటలో కొత్త మొహం, లేటెస్ట్ కొరియన్ టెక్నాలజీ, నొప్పి లేదు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు... అందులోని మాటలు ఇవీ. చదివి పక్కన పడేసేదాన్నే గానీ, సోమవారం నుంచి మా షాపుకొచ్చే ఆడపిల్లలు ఆ వ్యాసాన్ని ఫోన్లో ఫొటో తీసుకొచ్చి "ఆంటీ, ఈ పీల్ సీసా మీ దగ్గర దొరుకుతుందా" అని అడగడం మొదలుపెట్టారు. నేను తెనాలిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. డాక్టర్ని కాదు, అలా అని చెప్పుకోను కూడా. అయితే స్కిన్ డాక్టర్ చీటీ పట్టుకొచ్చేవాళ్లూ, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా మొహం పాడుచేసుకుని వచ్చేవాళ్లూ ఇద్దరూ ఆగేది మా కౌంటర్ దగ్గరే కాబట్టి, మీరు రాయకుండా వదిలేసిన సంగతులు నాకు రోజూ కనపడుతుంటాయి.

ముందే ఒకటి చెప్తాను, నేను పీల్స్‌కి వ్యతిరేకిని కాదు. తేలికపాటి పీల్ తెలిసినవాళ్లు చేస్తే మంచి వైద్యమే. మొటిమలు తగ్గాక మిగిలే నల్ల మచ్చలు, మంగు, ఎండకి నల్లబడ్డ చర్మం, మళ్లీ మళ్లీ వచ్చే చిన్న చిన్న మొటిమలు, వీటికి పనిచేస్తుంది. నా అభ్యంతరమల్లా దాన్ని ఫేషియల్ పక్కన పెట్టి ఇదీ అలాంటిదే అన్నట్టు రాయడం మీదే. ఫేషియల్ బాగా చేయకపోతే డబ్బులు దండగ, అంతే. పీల్ బాగా చేయకపోతే ఆర్నెల్లు మొహానికి చున్నీ కట్టుకుని తిరగాలి.

కొరియన్ టెక్నాలజీ అన్నారు కదా, ఆ మాట దగ్గర నవ్వొచ్చింది. పీల్స్‌లో వాడే సాలిసిలిక్ యాసిడ్, రిసార్సినాల్, ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్ చర్మం మీద ఎలా పనిచేస్తాయో జర్మనీకి చెందిన పాల్ గెర్సన్ ఉన్నా (Unna) అనే చర్మ వైద్యుడు 1882లోనే రాశాడు. పళ్లలో, పాలలో, చెరకులో ఉండే యాసిడ్లు చర్మం పై పొర మీద పనిచేస్తాయని అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు 1974లో చూపించారు. అదీ అందం కోసం మొదలుపెట్టిన పని కాదు, ఒళ్లంతా చేప పొలుసుల్లా అయిపోయే జబ్బుకి మందు వెతుకుతుంటే దొరికింది. అంటే ఇది బాగా పాత విద్య, దీనిలో ఏది ఎక్కడ చెడుతుందో కూడా డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలుసు. మన దేశంలో చర్మ వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ పీల్స్ ఎవరు చేయాలి, ఎలా చేయాలి అని మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. వ్యాసం రాసినవాళ్లు అది ఒక్కసారి తిరగేసినా బాగుండేది.

అసలు జరిగేదేమిటంటే, మన చర్మం పై పొరలో అడుగున పుట్టిన కణాలు మెల్లగా పైకి వచ్చి, చనిపోయి, రాలిపోతుంటాయి. దీనికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. మొటిమ మానిన చోట మిగిలే నలుపు, పై పొరలో ఉన్నంతవరకు, ఈ కణాలతో పాటే పోవాలి. పోతుంది కూడా, కాకపోతే నిదానంగా. పీల్‌లో వాడే యాసిడ్ ఆ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే పట్టుని వదులు చేస్తుంది, దాంతో పాత పొర త్వరగా ఊడి కింది నుంచి కొత్తది వస్తుంది. తేలికపాటి పీల్ అంటే ఆ పై పొర దాటి లోపలికి పోనిది. లోపలికి పోతే అది తేలికపాటిది కాదు, ఎవరు ఏ పేరు పెట్టి అమ్మినా సరే.

యాసిడ్లన్నీ ఒకటే అనుకుంటారు చాలామంది. చెరకులో ఉండే గ్లైకోలిక్ యాసిడ్ వీటిలో చాలా చిన్న అణువు, అందుకే త్వరగా లోపలికి దిగుతుంది. దాన్ని సమయానికి ఆపాలి. అంటే టైము చూసుకుంటూ, చర్మం ఎర్రబడటం మొదలుపెట్టగానే న్యూట్రలైజర్ (యాసిడ్‌ని విరిచే ద్రావణం) రాసి లేదా నీళ్లతో కడిగి ఆపేయాలి. రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ఫలితమే మారిపోతుంది. పాల నుంచి వచ్చే లాక్టిక్, చేదు బాదంలో ఉండే మాండెలిక్ నెమ్మదస్తులు, మన లాంటి చామనఛాయ చర్మానికి చాలామంది డాక్టర్లు వీటితో మొదలుపెడతారు. సాలిసిలిక్ జిడ్డులో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి మొటిమల మీద బాగా పనిచేస్తుంది, 20 నుంచి 30 శాతం వాడతారు. రాసిన కాసేపటికి దాన్ని కరిగించిన స్పిరిట్ ఎగిరిపోయి మొహం మీద తెల్లటి పొడి తేలుతుంది, అది చూసి కంగారు పడతారు గానీ అది మామూలే. ట్రైక్లోరో అసిటిక్ సంగతి వేరు. 10 నుంచి 25 శాతం దాకా అయితే తేలికపాటి పీల్ కిందే లెక్క, 35 శాతం వచ్చేసరికి లోపలి పొర దాకా పోతుంది. ఇది రాసినప్పుడూ చర్మం తెల్లబడుతుంది, కానీ ఆ తెలుపు పొడి కాదు, చర్మమే అలా మారడం. ఈ రెండు తెలుపులకి తేడా తెలియని మనిషి చేతికి మొహం అప్పగించకూడదు.

ఇక శాతాల గురించి. సీసా మీద 30 అనో 50 అనో ఉంటుంది. ఒకే శాతం ఉన్న రెండు సీసాలు రెండు రకాలుగా కాలుస్తాయి, ఎందుకంటే పీహెచ్, అంటే ఆమ్లగుణాన్ని కొలిచే అంకె, ఎంతన్నది కూడా ముఖ్యం. పీహెచ్ తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది. అమెరికాలో సౌందర్య సాధనాల భద్రత చూసే నిపుణుల బృందం గ్లైకోలిక్, లాక్టిక్ లాంటివి ఇంట్లో వాడే వస్తువుల్లో 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు అని చెప్పింది. పార్లర్ వాళ్లకైతే 30 శాతం దాకా, పీహెచ్ 3 కంటే తగ్గకుండా, కాసేపు ఉంచి కడిగేసే పద్ధతిలో. మీ వ్యాసం చూసి పిల్లలు ఆన్‌లైన్‌లో వెతికితే 70 శాతం గ్లైకోలిక్ సీసాలు ఎవరైనా కొనుక్కునేలా దొరుకుతున్నాయి. కొన్నింటి మీద పీహెచ్ ఎంతో ఉండదు, ఎక్కడ తయారైందో ఉండదు. 2024 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఘాటైన పీల్ సీసాలు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా కొనొద్దు, వాడొద్దు అని జనాన్ని హెచ్చరించింది. మన దగ్గర మాత్రం ఐదు నక్షత్రాల రివ్యూ చూసి కార్ట్‌లో వేసేస్తున్నారు.

"అదంతా కెమికల్ ఆంటీ, నేను నిమ్మకాయే రాస్తాను, నేచురల్ కదా" అనేవాళ్లు ఇంకో రకం. నిమ్మరసం కూడా యాసిడే, పైగా పీహెచ్ రెండు దగ్గర ఉంటుంది. కొలత లేదు, టైము లేదు. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి, మానాక గోధుమరంగు చారలు మిగలడం తెలిసిన విషయమే. మా అమ్మమ్మలు శనగపిండి, పసుపు, మీగడతో నలుగు పెట్టుకున్నారు, దానితో పెద్ద చిక్కేం లేదు. మొహానికి నిమ్మచెక్క రుద్దుకుని ఎండలో స్కూటీ నడపమని మాత్రం ఏ అమ్మమ్మా చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. తెల్లవాళ్ల చర్మం మీద పీల్ కొంచెం ఎక్కువైతే ఎర్రబడుతుంది, తగ్గుతుంది. మన చర్మంలో రంగు కణాలు చురుగ్గా ఉంటాయి. వాటిని ఎవరైనా రెచ్చగొడితే, అది యాసిడ్ అవనీ, కాలడం అవనీ, గిల్లడం అవనీ, అక్కడ నల్లగా మచ్చ వేసి కూర్చుంటాయి. ఉన్న మచ్చ పోగొట్టుకుందామని వెళ్లి అంతకంటే పెద్ద మచ్చతో ఇంటికి రావడం ఇందువల్లే. పోయిన మాఘంలో ఒక అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది, పెళ్లి రెండు వారాల్లో ఉందట. పెళ్లికూతురు ప్యాకేజీలో ఒక పార్లర్‌లో పీల్ చేశారట. చున్నీ తీసి చూపించింది. కుడి బుగ్గ ఎముక మీద నాణెం అంత ముదురు గోధుమ మచ్చ, అక్కడి నుంచి దవడ దాకా సన్నటి గీత. రాసిన ద్రావణం ఎక్కువై కిందికి కారిందన్నమాట, కారిన దారంతా కాలింది. ముక్కు పక్కన మడతలో ఇంకా పచ్చిగా ఉంది. ఏం రాశారమ్మా అంటే తెలియదంది. ఎంతసేపు ఉంచారంటే "మండుతోంది అన్నానాంటీ, మండితేనే పనిచేస్తున్నట్టు, ఓర్చుకో అన్నారు" అంది. ఆ తల్లి అడిగిందల్లా ఒకటే, పెళ్లిలోపు తగ్గే క్రీమ్ ఏదైనా ఇవ్వమని. అలాంటి క్రీమ్ లేదు. డాక్టర్ దగ్గరికి పంపించాను.

ఆవిడకి నేను ఇవ్వని క్రీమ్ ఊళ్లో ఇంకెక్కడైనా ఇస్తారని కూడా నాకు తెలుసు, మా వృత్తికి సిగ్గుచేటే అయినా చెప్పాలి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అనే మూడు మందులూ కలిపిన మచ్చల క్రీము ట్యూబుల గురించి చెప్తున్నాను. మొమెటాసోన్ స్టెరాయిడ్. డాక్టర్ కొన్ని వారాలు రాయమని ఇస్తే అది మందు, పక్కింటావిడ చెప్పిందని ఏళ్ల తరబడి ఫెయిర్‌నెస్ క్రీమ్‌లా రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనపడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట. 2018లో ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే ఇచ్చేస్తున్న షాపులున్నాయి. పీల్‌తో దీనికి సంబంధం ఏమిటంటారా? ఆ క్రీముతో అప్పటికే పల్చబడిన చర్మం మీద పార్లర్‌లో పీల్ వేస్తారు. ఇంతకుముందు ఏం రాస్తున్నావని ఎవరూ అడగరు. మామూలు చర్మం తట్టుకునే యాసిడ్ దాన్ని కాల్చేస్తుంది.

మంచిగా చేస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను, మా చెల్లెలికి రెండో కాన్పు తర్వాత మంగు వచ్చి గుంటూరులో స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు. ఆ డాక్టర్ మొదటిరోజు పీల్ చేయనే లేదు. రాత్రి రాసుకునే క్రీమ్, పగటికి సన్‌స్క్రీన్ రాసిచ్చి మూడు వారాల తర్వాత రమ్మన్నారు. చర్మాన్ని సిద్ధం చేయడం అంటారట దాన్ని. తర్వాత బోలెడు ప్రశ్నలు. పాలిస్తున్నావా, మళ్లీ గర్భం ఏమైనా ఉందా, పెదవుల దగ్గర హెర్పిస్ పొక్కులు ఎప్పుడైనా వచ్చాయా, ఆస్పిరిన్ పడదా, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడావా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బుతుందా, థ్రెడింగ్ ఎప్పుడు చేయించుకున్నావు. ఒక్కో ప్రశ్నకీ కారణం ఉంది. హెర్పిస్ ఉంటే పీల్ తర్వాత మొహమంతా పాకొచ్చు, ముందే మందు ఇవ్వాలి. ఆస్పిరిన్ పడనివాళ్లకి సాలిసిలిక్ పెట్టకూడదు, గర్భిణులకీ దాన్ని వాడరు. కొత్తగా థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేసిన చోట యాసిడ్ లోతుగా దిగుతుంది.

పీల్ రోజున చూస్తే పని పది నిమిషాల్లోపే. మొహం మీద జిడ్డు లేకుండా తుడిచి, కంటి కొనలకీ, ముక్కు పక్క మడతలకీ, పెదవుల చివర్లకీ వేజలైన్ రాశారు, ద్రావణం అక్కడ నిలవకుండా. కళ్ల మీద తడి దూది. నర్సు చేతిలో టైమర్, ఇంకో చేత్తో చిన్న ఫ్యాను. డాక్టర్ నుదుటి నుంచి మొదలుపెట్టి బ్రష్‌తో ఒక వరస రాసుకుంటూ వచ్చి, మంట ఎంతుంది పదిలో చెప్పు అని అడుగుతూనే ఉన్నారు. మా చెల్లెలు ఎడమ బుగ్గ మీద ఎక్కువ మండుతోందనగానే, టైము ఇంకా ఉన్నా అక్కడ ముందే ఆపేశారు. పార్లర్‌కీ డాక్టర్‌కీ తేడా నాకు అక్కడే తెలిసింది. ఇంటికొచ్చాక రెండు రోజులు చర్మం బిగుతుగా ఉంది, మూడో రోజు నోటి చుట్టూ పొట్టు లేచింది, వారంలో సర్దుకుంది. పొట్టు లాగొద్దని మరీ మరీ చెప్పారు, లాగిన చోటే నల్లబడుతుందట. మంగు పూర్తిగా పోయిందా అంటే పోలేదు, బాగా పల్చబడింది. ఎండాకాలం రాగానే కాస్త తిరిగొచ్చింది కూడా. మంగు అంతే, అదుపులో ఉంటుంది గానీ మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేరు. మీ వ్యాసంలో మాత్రం శాశ్వత పరిష్కారం అని ఉంది.

పీల్‌తో కాని పనులు కూడా చెప్పాలి. మొటిమలు వదిలిన గుంటలు తేలికపాటి పీల్‌తో పూడవు, వాటికి వేరే పద్ధతులున్నాయి. ముడతలు పోవు. పుట్టుకతో వచ్చిన రంగు మారదు. చివరిది పెళ్లి సంబంధాల బజారులో ఎవరికీ వినపడదు, "అమ్మాయి బంగారం, రంగే కాస్త తక్కువ" అనే అత్తగార్లున్నంత కాలం పార్లర్లకి గిరాకీ తగ్గదు. అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.

సన్‌స్క్రీన్ ముచ్చట కూడా మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. పీల్ చేయించుకుని సన్‌స్క్రీన్ రాయకపోవడం కంటే పీల్ మానేయడమే మేలు, ఎందుకంటే పైన ఉన్న పాత పొర పోయాక ఎండ నేరుగా కొత్త చర్మాన్ని తాకుతుంది. మావాళ్లు రాసేది ఎంతో తెలుసా, బొట్టు పెట్టుకున్నంత. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ ఒక్కసారికి సరిపోతుంది, అది ఒక గ్రాముకి తక్కువ ఉండదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు. మా కస్టమర్లు "ఆర్నెల్లు వచ్చిందండీ" అని గర్వంగా చెప్తారు. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 అయినా ఉండాలి, చర్మం లోపలికి దిగే యూవీఏ కిరణాలకి కూడా పనిచేసేది అయి ఉండాలి. మంగు ఉన్నవాళ్లకి రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు, అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతుంది. ఈ ఖర్చు పీల్ ఖర్చులో కలిపి చెప్పరు ఎవరూ, కలిపితే బడ్జెట్ మారిపోతుంది. ఇక రోహిణి కార్తెలో, బయట తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, చలికాలం దాకా ఆగితే కొంపలేమీ మునిగిపోవు. పెళ్లి కోసమే అయితే నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టాలి, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో కొన్ని సిట్టింగులు పడతాయి కాబట్టి. ముహూర్తానికి వారం ముందు మొదటిసారి పీల్ చేస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఎడిటర్ గారూ, మీ నుంచి కోరేది రెండు మూడు. డబ్బు తీసుకుని వేసిన వ్యాసమైతే పైన ప్రకటన అని పెద్దక్షరాల్లో వేయండి. ఆ వ్యాసం కింద ఉన్న క్లినిక్ ప్రకటన చూశాక నాకు ఈ అనుమానం వచ్చింది, తప్పయితే సంతోషమే. స్కిన్ క్లినిక్ ప్రకటనలు తీసుకునేటప్పుడు చేసే మనిషి చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అందులో ఉండాలని నియమం పెట్టుకోండి. చర్మ వైద్యులకి ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీలుంటాయి. కాస్మెటాలజిస్ట్ అనే బోర్డు చూసి డాక్టరే అనుకుంటున్నారు జనం, కొద్ది వారాల కోర్సు చేసి కూడా ఆ బోర్డు పెట్టేస్తున్నారు. మీ ఆరోగ్యం పేజీలో వారం వారం ప్రశ్నలకి జవాబిచ్చే డాక్టర్లున్నారు కదా, ఒక చర్మ వైద్యురాలితో పీల్స్ మీద అర పేజీ రాయించండి. పాఠకులు వెళ్లినచోట ఏ యాసిడ్, ఎంత శాతం, ఎవరు చేస్తారు, కాలితే ఎవరు చూస్తారు అని అడగాలని అందులో ఉంటే చాలు. వీటికి జవాబు చెప్పడానికి విసుక్కునేవాళ్ల దగ్గర కుర్చీలోంచి లేచి వచ్చేయొచ్చు.

ఇక ఆ వ్యాసం చదివి ఈ వారంలోనే ఎక్కడైనా చేయించుకుని మొహం మండుతున్నవాళ్లు ఉంటే వాళ్లకి నాలుగు మాటలు. మామూలు ఎరుపు, బిగుతు, పొట్టు లేవడం భయపడాల్సినవి కావు. నీటి బొబ్బలు, చీము, రసి కారడం, రోజురోజుకీ పెరిగే నొప్పి, గోధుమరంగుకి తిరుగుతున్న మచ్చ, వీటిలో ఏది కనపడినా రేపటిదాకా చూద్దాం అనుకోవద్దు. స్క్రబ్ వద్దు, పసుపు వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు, ఇంట్లో మిగిలిన ట్యూబు ఏదో రాసేయడం వద్దు. చల్లటి నీళ్లతో మెల్లగా కడిగి, పల్చగా వేజలైన్ రాసి, ఎండలోకి వెళ్లకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేకపోతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో చర్మ వ్యాధుల ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్తే చూస్తారు. వెళ్లేముందు పార్లర్‌కి ఫోన్ చేసి వాళ్లు వాడిన సీసా ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. ఏ యాసిడ్, ఎంతసేపు ఉంచారు అని డాక్టర్ మొదట అడిగేవి అవే.

ఇట్లు,
మందుల షాపు ఫార్మసిస్టు, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)